తీగల్లేని స్తంభం

ఉద్యోగం నుంచి దిగిపోయి ఇంట్లో కూర్చున్నా, చెట్టు కనిపిస్తే నా చూపు మొదలు దగ్గర ఆగదు. ముందు కొమ్మ చివరికి పోతుంది. అక్కణ్నుంచి దగ్గర్లో తీగ ఎక్కడుందో వెతుక్కుంటుంది. పెళ్లికి వెళ్లినా అంతే, పరామర్శకు వెళ్లినా అంతే. మొన్న రామతీర్థంలో దర్శనానికి వెళ్తూ మెట్ల పక్కన వేపకొమ్మనే చూస్తున్నానని మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "ఇక్కడికొచ్చినా కొమ్మలేనా? కాస్త దేవుణ్ని చూడండి" అంది.

కరెంటు శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా దిగిపోయాను. ఇళ్ల మీదుగా పోయే తీగల పైకి వంగిన చెట్లను కొట్టించడం నా పనిలో పెద్ద భాగం. విజయనగరం వైపు మామిడి, బాదం. శ్రీకాకుళం తీరంలో తాటి, కొబ్బరి. అంతకుముందు కొన్నాళ్లు ఒక దినపత్రికకు మండల విలేకరిగా వార్తలు రాశాను. అక్కడ నా వార్తలు దిద్దే పెద్దాయన ఎప్పుడూ ఒకటే అడిగేవాడు: "అక్కడున్న వాళ్లందరినీ అడిగావు. బాగుంది. ఉండాల్సి ఉండి, ఆ వేళకి లేనివాళ్లెవరు?" ఆ ప్రశ్న వార్తలకంటే కరెంటు పనిలో నాకు ఎక్కువగా ఉపయోగపడింది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎలా వస్తాయో మీకు నాకంటే బాగా తెలుసు. నేను రాయబోయేది భయం గురించి. ఇన్నేళ్లలో నా వెంట ఉండి నా మనుషులను ఇంటికి చేర్చింది అదే.

కనిపించని చెయ్యి

చెట్టు కొట్టడం కష్టమని అందరూ అనుకుంటారు. కొట్టడం కష్టం కాదు. మనిషిని చెట్టెక్కించి కింద నిలబడడం కష్టం. సబ్‌స్టేషనుకు చెప్పి లైన్ ఆపించి, ఇక మేం చెప్పేదాకా దాంట్లోకి కరెంటు వదలకూడదని అనుమతి తీసుకుంటాం. దాన్ని ఎల్‌సీ అంటాం, లైన్ క్లియర్. అది ఎవరి పేరు మీద తీసుకుంటే వాళ్లే తిరిగి ఇవ్వాలి. వాళ్లు ఇచ్చేదాకా ఎంత పెద్ద అధికారి అయినా లైన్లోకి కరెంటు వదలకూడదు. రాతలో అంతే. కానీ ఎక్కడో ఒకచోట స్విచ్ దగ్గర ఒక చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి మనకు కనిపించదు. చెట్టు మీద మనిషి ఉన్నంతసేపూ నా ఆలోచన ఆ చెయ్యి మీదే ఉండేది.

పాతపట్నం బజారులో ఒకసారి ఒక షావుకారి ఇంటి ముందు బాదం చెట్టు కొట్టిస్తున్నాం. కింద కొట్టు, పైన కాపురం. చెట్టు మీద మా లైన్‌మన్ అప్పన్న ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతుంటాడు. లైన్ ఆపించాం. తీగలన్నిటినీ కలిపి భూమికి కట్టే గొలుసులు కూడా వేశాం. పని సగంలో ఉండగా గొలుసు దగ్గర ఒక్కసారి చిటపటమంది. అదే క్షణంలో కొట్టు వెనకనుంచి జనరేటరు మూలిగి ఆగిపోయిన చప్పుడు.

షావుకారు బయటికొచ్చాడు. మా మొహాలు చూసి నొచ్చుకున్నాడు.

"కరెంటు లేదని మిమ్మల్ని తొందర పెట్టానా బాబూ? ఫ్రిజ్జులో సరుకు పాడైపోతాదని నా కరెంటు నానే పుట్టించుకున్నాను. మీకు అడ్డం రాలేదు కదా?"

ఆయన జనరేటరు తీగను ఎవరో మెయిన్ స్విచ్ తప్పించి ఇంటి లైనుకే నేరుగా కలిపారు. ఆ కరెంటు వెనక్కి తిరిగి స్తంభం దాకా వచ్చింది. గొలుసులు వేసి ఉండకపోతే అప్పన్న దాకా వచ్చేది. అప్పన్న నెమ్మదిగా దిగి, చెప్పులు వేసుకుని షావుకారి ముందు నిలబడ్డాడు.

"అడ్డం రానేదు షావుకారూ. నానే దానికి అడ్డం వస్తానేమోనని దిగిపోనాను. ఒక సోడా ఇప్పించు."

అప్పటినుంచి ఏ వీధిలో పని పెట్టుకున్నా ఇంటింటికీ వెళ్లి ఇన్వర్టర్లు, జనరేటర్లు చూసేవాణ్ని. వీధిలో ఉన్న ప్రతి మనిషినీ అడిగేవాణ్ని. అందరినీ అడిగాక ఇంకేముంటుంది అనుకునేవాణ్ని. ఇంకా ఉందని ఒక తాటిచెట్టు దగ్గర తెలిసింది. ఆ చెట్టు గురించి చెప్పడానికే ఇదంతా మొదలుపెట్టాను.

కామమ్మ తాడు

నౌపడ దాటితే ఉప్పుమడులు. ఆ తరువాత సరుగుడు తోట, ఆపైన ఇసుక. ఆ ఇసుక మీద ఒక చేపలపల్లె. పల్లె చివర తాటాకు కప్పిన ఇల్లు కామమ్మది. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని టెక్కలి దాకా అమ్ముకొచ్చే మనిషి. ఆవిడ ఇంటి పక్కన ఇసుక దిబ్బ మీద ఒక ఒంటి తాడిచెట్టు, అక్కడివాళ్ల మాటలో తాడు. గాలికి కొంచెం కొంచెంగా వంగి లైను మీదికి వచ్చింది. ఎండిన కమ్మలు తీగల మీద పడేవి. ఉప్పుగాలికి తడిసిన కమ్మ తీగకు తగిలితే నిప్పు రాలుతుంది. ఆ రాలే చోట కామమ్మ ఇంటి కప్పు.

ఆవిడ ఆఫీసుకు వచ్చినప్పుడల్లా మాకు చెమటలు పట్టేవి.

"ఇనిస్పెక్టరు బాబూ, ఇల్లు తగలడిపోనాక వస్తారా? బూడిద ఊడ్డానికి వస్తారా? ముందే సెప్తే సీపురు కూడా కొని ఉంచుతాను."

తుఫానుల నెలలు దగ్గర పడుతున్నాయి. ఆ చెట్టు ఇక ఆగదని నాకూ తెలుసు. ఆ వీధి మీదుగానే ఐసు ఫ్యాక్టరీకీ మంచినీళ్ల పంపులకూ పోయే పెద్ద లైను కూడా వెళ్తుంది. చెట్టు కూలితే ఇళ్లూ పోతాయి, లైనూ పోతుంది. మా పై అధికారి, సెక్షను ఇంజనీరు ఏఈ గారు, ఒక రోజు ఖాయం చేశారు. మగవాళ్లు సముద్రం మీద ఉన్న పూట పెట్టుకుందామని అందరం అనుకున్నాం. వీధిలో జనం ఉండరు, పైనుంచి ఏదైనా పడినా ఎవరికీ తగలదు. జాగ్రత్త కోసమే అలా అనుకున్నాం. అసలు చిక్కు ఆ జాగ్రత్తలోనే ఉంది.

పొద్దున్నే వెళ్లాం. పడవలన్నీ అప్పటికే వెళ్లిపోయాయి. ఇల్లిల్లూ తిరిగాను. జనరేటర్లు లేవు, ఇన్వర్టర్లు లేవు. ఆడవాళ్లంతా సరేనన్నారు. ఎల్‌సీ నా పేరు మీద తీసుకుని, గొలుసులు వేసి, అప్పన్నను ఎక్కించాను. తాళ్లు కట్టి సముద్రం వైపు లాగి పట్టుకుంటే, అతను ముందు కమ్మలు నరికి, తరువాత తలను ఒకే ముక్కగా తెంపి తాళ్ల మీద దింపాడు. ఆపైన మాను కూడా ఒక పొడవాటి ముక్క దించాం. మిగిలిన మొండెం తీగలకు తగలకుండా, సరుగుడు తోటకంటే తక్కువ ఎత్తులో నిలబడి ఉంది. కామమ్మ మజ్జిగ తెచ్చి అందరికీ పోసింది.

"పీడ వదిలింది. ఈ ఏడు తుఫానొచ్చినా నిద్దరపోతాను" అంది.

అప్పుడు ఆటోలోంచి ఎర్రయ్య దిగాడు. ఒకప్పుడు ఆ పల్లెలో అందరికంటే ముందు పడవ నడిపినవాడు, కామమ్మకు మావ వరస. కళ్లల్లో పొర వచ్చి సముద్రం మానేశాడు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి వస్తున్నాడు. దిబ్బ వైపు మొహం ఎత్తి చేయి అడ్డం పెట్టుకుని చూశాడు.

"ఒసే కామీ, నా కళ్లకే కనపడతా లేదా, తాడు నిజంగానే లేదా?"

"కొట్టించేసినాం మావా."

ముసలాయన చేతిలో మందు సీసా ఉన్న సంచీ జారింది.

"మీ ఆయనొచ్చీసినాడా?"

"ఇంకా రానేదు. ఏల?"

"ఎలగొస్తాడే మరి? దాని తల సూసుకునే కదే వస్తాడు."

ఒడ్డు నుంచి తెలియనిది

ఆయన చెప్పింది ఇంత. ఒడ్డుకు ఎదురుగా నీళ్ల కింద రాతిపార, అంటే రాళ్ల గట్టు, ఉంది. దాంట్లో పడవ పట్టేంత సందు ఒకటే. బయటినుంచి వచ్చేవాడు, ఉప్పుమడుల వెనకున్న గుట్ట మొన, తాటిచెట్టు తల ఒకే వరసలోకి వచ్చేదాకా ఆగుతాడు. ఆ వరస పట్టుకుని లోపలికి వస్తే సందు. వరస తప్పితే రాయి. పెద్ద పడవల్లో దారి చూపే యంత్రాలున్నాయి గాని అవి రేవుకు పోతాయి. ఈ పల్లెలోని చిన్న పడవలకు తాటితలే దారి. కామమ్మ మొగుడు సూరన్న ముందు వస్తాడు, మిగతావాళ్లు అతని వెనక వస్తారు.

ఆడవాళ్లు ఎవరూ దాన్ని సముద్రం మీదనుంచి చూసినవాళ్లు కారు. వాళ్లకది నిప్పులు రాల్చే చెట్టు. అది దారి అని తెలిసినవాళ్లందరూ ఆ వేళకి నీళ్ల మీదున్నారు. నేను పల్లెలో ఉన్న ప్రతివాళ్లనీ అడిగాను.

"ఫోన్ చెయ్యమ్మా" అన్నాను.

కామమ్మ అప్పటికే చేస్తోంది. మోత ఆవిడ ఇంట్లోంచే వినిపించింది. సూరన్న ఫోను తడిసిపోతుందని గూట్లో పెట్టి వెళ్తాడట. మిగతా పడవల వాళ్లకి చేసి చూశారు. ఒక్కటీ కలవలేదు. దక్షిణపు గాలి ఎక్కువైంది. అలలు తెల్లగా విరుగుతున్నాయి. గుట్ట మీద మబ్బు దిగుతూ లేస్తూ ఉంది.

"ఎదురెల్లి సెప్పొచ్చు కదా?" అని అప్పన్న అడిగాడు.

"ఎవలెల్తారు? నువ్వా?" అంది కామమ్మ. "ఇక్కడున్నది ఆడోల్లు, పిల్లగుంటలు, గుడ్డి మావా."

అప్పుడు ఎర్రయ్యే అన్నాడు, తలని మళ్లీ నిలబెట్టమని. నరికిన తల ఇసుక మీదే పడి ఉంది. ఎంత ఎత్తులో ఉండాలని అడిగాను. 

"నాకు తెలిసింది నీల్ల మీంచి బాబూ. ఒడ్డు మీంచి సెప్పమంటే ఎలగ సెప్తాను? ఎప్పుడైనా ఇటు నించి సూసినానేటి?"

దించిన మాను ముక్క పక్కన ఒక వెదురు గెడ పడుకోబెట్టి, అంతే పొడవు చూసుకున్నాం. దాని కొసకు తాటితలా కమ్మలూ కట్టాం. బరువుకు గెడ వంగింది. మరో రెండు గెడలు కలిపి బిగించాం. ఇక దాన్ని మొండెం మీద నిలబెట్టి కట్టాలి. మొండెం పక్కనే తీగలు. గెడ ఒరిగితే వాటి మీదే పడుతుంది. అంటే అది అక్కడున్నంతసేపూ లైన్ ఆపే ఉంచాలి.

ఏఈ గారు

ఫోన్ చేశాను. అవతల ఆయన గొంతు పెరిగింది.

"చెట్టు అయిపోయిందన్నావు కదయ్యా? మరి ఎల్‌సీ తిరిగివ్వవేం? ఐసు ఫ్యాక్టరీవాడు నా ప్రాణం తీస్తున్నాడు. సాయంత్రం ఊళ్లకి నీళ్లు వదలాలి."

"పడవలు రాలేదు సార్."

"పడవలకీ మనకీ ఏమిటి?"

సంగతి చెప్పాను.  "అక్కడే ఉండు, ఏం చెయ్యకు, వస్తున్నాను" అని ఆయన పెట్టేశారు.

ఆగే వీలు లేదు. అప్పన్న మొండెం ఎక్కాడు. కింద నుంచి అందరం గెడను ఎత్తి అందించాం. గాలికి తాటాకులు గొడుగులా విచ్చుకుని గెడను లాగేస్తున్నాయి. నాలుగు పక్కలా తాళ్లు కట్టి ఆడవాళ్లు పట్టుకున్నారు. వలలు లాగిన చేతులు కావు అవి, గంపలు మోసిన చేతులు. తాళ్లకు అరచేతులు ఒరుసుకుపోతున్నా వదల్లేదు. నేను మాత్రం గొలుసులు వేసిన స్తంభం వైపు, అప్పన్న కాళ్ల వైపు మార్చి మార్చి చూస్తున్నాను. స్విచ్ దగ్గర చెయ్యి, నీళ్లలో పడవ, మొండెం మీద మనిషి. మూడింట్లో ఏ ఒక్కటీ నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది నా పేరు మీదున్న ఎల్‌సీ ఒక్కటే.

ఏఈ గారు మోటారుసైకిలు ఇసుకలో కూరుకుపోతే వదిలేసి నడిచి వచ్చారు. వచ్చిన కోపం మొహం మీదే ఉంది. చెట్టు మొండెం చూశారు, తాళ్లు పట్టుకున్న ఆడవాళ్లను చూశారు, సముద్రం చూశారు. సబ్‌స్టేషనుకు ఫోన్ చేశారు.

"నేనే. ఎల్‌సీ ఇప్పుడు తిరిగివ్వం. ఎవరు అడిగినా నా పేరు చెప్పు. లేదు, ఎప్పుడో చెప్పలేను." తరువాత చొక్కా చేతులు మడిచి, సన్నగా ఉన్న ఒక ముసలమ్మ చేతిలోంచి తాడు తీసుకున్నారు.

నేను చాలామంది అధికారుల కింద పనిచేశాను. కొందరు నియమాలన్నీ అప్పజెప్పేవారు. కొందరు మందలించకుండా పని చేయించుకునేవారు. వాళ్లందరిలో ఎవరు మంచివాడని మీరు అడిగితే, వచ్చి చూసినవాడే అంటాను. చూడకముందు ఆయన అన్నదీ తప్పు కాదు. నీళ్లు లేని ఊళ్లు కూడా ఊళ్లే.

తల ఊపిన చెట్టు

"కనపడతన్నాదేటే?" అని ఎర్రయ్య అడుగుతూనే ఉన్నాడు. అంత దూరాన ఆయన కళ్లకు కనిపించేది వెలుగూ చీకటీ మాత్రమే.

"ఒకటి వచ్చినాది మావా. మనదే. నీలం రంగు" అంది కామమ్మ.

"ఏటి సేస్తన్నాడు?"

"ఆగిపోనాడు."

"ఆగితే మంచిది. ఎతుకుతన్నాడన్నమాట."

పడవ అలల అవతల లేస్తూ పడుతూ ఉంది. దాని వెనక ఇంకొన్ని చుక్కలు చేరాయి. గుట్ట మీద మబ్బు దిగింది.  మబ్బు లేవగానే గాలి ఒక్క ఊపు ఊపింది. గెడ ఉత్తరానికి ఒరిగింది. పైన అప్పన్న దాన్ని రొమ్ముకు హత్తుకుని పట్టుకున్నాడు.

"ఉత్తరానికి ఒరిగిపోనాది మావా, పడవ తిరగతన్నాది" అంది కామమ్మ. 

"లాగండే. దచ్చినం పక్క లాగండి. అది ఎటొరిగితే ఆడూ అటే వస్తాడు, రాయి అటే ఉన్నాది."

లాగాం. ఏఈ గారి కాళ్లు మడమల దాకా ఇసుకలో దిగబడ్డాయి. గెడ నెమ్మదిగా నిలువైంది. పడవ ముక్కు కూడా అటూ ఇటూ వెతికి, మా వైపు తిరిగి ఆగింది. తరువాత ఇంజను చప్పుడు వినిపించింది. పడవ ఒక అల వెనక పూర్తిగా మాయమైంది. మళ్లీ కనిపించినప్పుడు పార దాటి ఇవతల ఉంది. వెనకున్నవాళ్లు ఒకరి తరువాత ఒకరు అదే దారిలో వచ్చారు. ఆఖరి పడవ ఇసుకను తాకేదాకా ఎవరూ తాడు వదల్లేదు.

సూరన్న పడవ దిగి, తాళ్లు పట్టుకున్న మమ్మల్నందరినీ చూశాడు. పైన గెడను కౌగిలించుకున్న అప్పన్నను చూశాడు.

"ఇయాల తాడు అలగ తల ఊపతన్నాదేటని సూస్తన్నాను. మందు గాని తాగీసినాదేటనుకున్నాను" అన్నాడు.

"నానే నరికించినాను" అంది కామమ్మ. అరచేతులు చీరకు తుడుచుకుంది. "నిన్ను సంపీడానికి."

"దానికి సెట్టెందుకే? నీ కూర సాలదా?"

ఆవిడ తిట్టబోయి అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చింది. సూరన్నకు అప్పుడు గాని అర్థం కాలేదు. వెళ్లి పక్కన కూర్చున్నాడు. 

అప్పన్న దిగాడు, గెడ దింపాం, గొలుసులు తీశాం. నేను ఎల్‌సీ తిరిగి ఇచ్చాను. దూరంగా ఐసు ఫ్యాక్టరీలో దీపాలు వెలిగాయి.

తరువాత

మర్నాడు పడవలు వేటకు వెళ్లలేదు. ఏఈ గారు స్టోరులో తుప్పుపట్టి పడి ఉన్న పొడవాటి పాత ఇనుప స్తంభం ఒకటి పంపించారు. సూరన్న పడవలో బయటికి వెళ్లి చేతులు ఊపుతుంటే, అది కామమ్మ చూసి చెప్పగా, ఎటు జరపాలో ఎర్రయ్య అంటుంటే, చెట్టు ఉన్నచోటనే లైనుకు తగలకుండా తాళ్లతో సరిచేసి పాతాం. దాని తల మీద చిరిగిన వలల మూట నల్లగా కట్టారు. దానికి తీగ లేదు, దీపం లేదు. ఏ లెక్కలోనూ అది పనిచేసే స్తంభం కాదు.

అప్పటినుంచి ఏ చెట్టు దగ్గరికి వెళ్లినా నా భయం రెండింతలైంది. ఈ కొమ్మకు ఇక్కడ లేనివాళ్లెవరు ఏం కట్టుకుని ఉన్నారో అని. చాలాసార్లు ఏమీ ఉండదు. అయినా అడగండి. ఆ వేళకి లేనివాళ్లు వచ్చేదాకా ఆగే వీలుంటే ఆగండి. వీలు లేకపోతే కనీసం ఎవరు రాలేదో తెలుసుకుని మొదలుపెట్టండి. మీకు వచ్చే తిట్లు నాకు తెలుసు. అవి తినొచ్చు.

ఈమధ్య ఆ సెక్షనులోకి వచ్చిన కొత్త లైన్‌మన్ ఒకతను నా నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. పాత లైన్లు మారుస్తున్నారట. "దిబ్బ మీద తీగల్లేని పోలొకటి ఉంది సార్. పనికిరానిది, పీకేయమన్నారు. మీ టైములోదని చెప్పారు. పీకేస్తున్నాం" అన్నాడు.

"పడవలు వచ్చాయా?" అని అడిగాను.

"ఏ పడవలు సార్?"

చెబుతుండగానే మాట తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. ఇంట్లో కూర్చోలేక వీధిలోకి వచ్చి నిలబడ్డాను. గాలి దక్షిణంనుంచే వీస్తోంది. చేతిలో ఫోను వైపే చూస్తున్నాను. స్విచ్ దగ్గరి చెయ్యిలా ఈ చెయ్యీ నాకు కనిపించదు. ఎంతసేపటికో మోగింది. తెలియని నంబరు.

"ఇనిస్పెక్టరు బాబూ, నాను కామమ్మని. మీ కుర్రోల్లు వచ్చినారు, ఇనప రంపం అట్టుకొని. టీ ఇచ్చి కూకోబెట్టినాను."

"స్తంభం?"

"దాని మొదట్లోనే కూకున్నాను. మావోడు ఒడ్డుకి రానీ. అప్పుడు మాటాడుకుందాం."